కట్ట మీది లెక్కలు

చెరువు నిండితే ఊరికి పండుగ. కట్ట మీద బతుకమ్మలు, మత్తడి దగ్గర సెల్ఫీలు, చేపపిల్లలను వదలడానికి వచ్చే నాయకులు. ఉల్లంకి పిట్టకు మాత్రం ఆ పండుగలో వాటా లేదు. దానికి కావలసింది కాలివేళ్లు తడిసేంత నీరు, ముక్కు దిగేంత మెత్తటి బురద. చెరువు మత్తడి దూకిన ఏడాది అది మరో కుంట వెతుక్కుంటుంది.

రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు దగ్గర ఈ సంగతి బాగా తెలుస్తుంది. గోల్కొండను 1550 నుంచి 1580 దాకా ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షా కాలం నాటి చెరువు ఇది. చందనవెల్లి వైపు నుంచి దారిలోని చెరువులను నింపుకుంటూ ఇక్కడిదాకా రావలసిన ఫిరంగి నాలా పూడికకు, కబ్జాలకు చిక్కింది. దాంతో చెరువు ఏళ్లకేళ్లు చాలామేర ఎండే ఉండేది. ఈమధ్య గట్టి వానలు పడ్డ ఏళ్లలో మళ్లీ నీటి ముఖం చూసింది. ఎండిన చెరువంటే పిట్టల్లేని చెరువని అనుకుంటే పొరపాటు. తుమ్మమొక్కలు, గడ్డి లేచిన చెరువు శిఖంలో భరతపక్షులు, జిట్టంగులు తిరుగుతాయి. చలికాలంలో నేలకు ఆనీ ఆననట్టు తేలుతూ హారియర్ గద్దలు వేటాడతాయి. నీళ్లొస్తే ఆ నేలవాళ్లు ఖాళీ చేస్తారు, నీటివాళ్లు దిగుతారు.

ఆ దిగేవాళ్లలో కూడా ఎవరి లోతు వారిది. నడి చెరువులో మునిగి చేపపట్టే నీటికాకి. దాని చుట్టుపక్కల బొల్లికోళ్లు, బుడుంగున మునిగి ఇంకెక్కడో తేలే మునుగుడు కోడి. మోకాటిలోతులో కొంగలు, నత్తగుల్ల కొంగలు. జానెడు నీళ్లలో పొడుగు ఎర్రకాళ్ల స్టిల్ట్. ఇక అంచున, బురదలో, ఉల్లంకులు. వాటిలోనూ ముక్కు పొడవును బట్టి పైపొర పురుగులు ఒకదానికి, అడుగుపొర పురుగులు ఇంకోదానికి. ఒకే చెరువు, కానీ ఎవరి పొలం వారిదే. జీవావరణ శాస్త్రం తొలి పాఠాల్లో ఇదొకటి.

కట్ట మీదికి బైనాక్యులర్లు వేసుకుని వచ్చే మనుషులూ ఇలాగే పంచుకుంటారని కొన్నాళ్లు గమనిస్తే తెలుస్తుంది. ఒకరికి కొత్త పిట్ట కావాలి. ఒకరికి మంచి ఫోటో కావాలి. ఒకరు కళ్లు మూసుకుని వింటారు. ఒకరు కుర్చీ వేసుకుని ఒక్క గూటి ముందే పూట గడుపుతారు. ఈ పద్ధతుల్లో ఏది గొప్పదన్న తగువు పక్షి ప్రేమికుల మధ్య ఎప్పుడూ ఉంది, అదంత ఆసక్తికరమైన తగువు కాదు. నాకు ఆసక్తిగా తోచేది మరొకటి: మనిషి దేన్ని చూసి ఆనందిస్తాడో, దాని గురించే నాలుగు మాటలు రాసిపెడతాడు. ఆనందం లేనిచోట కాగితం ఖాళీ. మన దేశపు పక్షుల గురించి మనకు తెలిసినదానిలో పెద్ద భాగం జీతం లేని ఈ సరదారాయుళ్లు పోగేసిందే. అందుకే వాళ్ల సరదా ఎటు మొగ్గితే మన జ్ఞానమూ అటే మొగ్గింది.

ముందు లెక్కరాయుళ్ల సంగతి. జీవితంలో తొలిసారి చూసిన జాతిని వీళ్లు ‘లైఫర్’ అంటారు. ప్రపంచంలో సుమారు 11,000 పక్షి జాతులు, మన దేశంలో 1,300కు పైగా. ఎవరి జాబితా వారికి ఆస్తి. ఈ సరదా ఎంత దూరం పోగలదో చెప్పడానికి అమెరికాలోని ఫీబీ స్నెట్‌సింగర్‌ను మించిన ఉదాహరణ లేదు. 1981లో ఆమెకు ప్రాణాంతకమైన చర్మ క్యాన్సర్ ఉందని, ఏడాది కూడా బతకదని డాక్టర్లు చెప్పారు. ఇంట్లో మంచం పట్టకుండా ఆమె పిట్టల కోసం బయల్దేరింది. 8,000 జాతులు దాటిన తొలి మనిషిగా పేరు తెచ్చుకుని, 1999లో మడగాస్కర్‌లో పిట్టల కోసమే తిరుగుతూ రోడ్డు ప్రమాదంలో పోయింది. డాక్టర్లు చెప్పిన గడువుకు ఆమె పదిహేడేళ్లు కలుపుకుంది.

మన దగ్గర ఆ స్థాయి పిచ్చి తక్కువే గానీ, ఏదో చెరువులో ఎన్నడూ రాని బాతు దిగిందని వాట్సాప్‌లో కబురొస్తే చీకటితోనే కార్లు కదలడం మామూలే. వీళ్ల వల్ల తెలిసేది ఏమిటంటే అంచులు. ఏ జాతి ఎక్కడిదాకా వస్తుంది, దారి తప్పి ఏది ఎక్కడ తేలింది, ఏ తేదీకి ముందు ఎన్నడూ కనిపించలేదు వంటివి. వీళ్ల వల్ల తెలియనిది నడుమ ఉన్నదంతా. కొత్త బాతు కోసం నలభై కిలోమీటర్లు వచ్చినవాడు కట్ట మీది కాకిని, కరెంటు తీగ మీది గోరింకను రాసుకోడు. ఎందుకు రాసుకుంటాడు? వాటిని చిన్నప్పుడే చూసేశాడు కదా.

ఒకప్పుడు ఈ అంచుల లెక్క తుపాకీతో జరిగేది. నిజాం రాజ్యంలో పక్షుల సర్వేను సలీం అలీ 1931–32లో చేశాడు. చేతికందే ఫీల్డ్ గైడ్లు లేని కాలం. పిట్టను కొట్టి, తోలు తీసి, దూది కూరి, చీటీ కట్టి దాచితేనే రుజువు. ఇప్పుడు వింటే ఒళ్లు జలదరిస్తుంది గానీ, తొంభై ఏళ్ల నాటి దక్కన్‌లో ఏ పిట్ట ఎక్కడుండేదో చెప్పే సాక్ష్యం ఆ చీటీలే. తుపాకీ నుంచి బైనాక్యులర్‌కు జరిగిన మార్పులో అమెరికాలో ఒక మంచి మలుపుంది. అక్కడ క్రిస్మస్ రోజు జట్లుగా విడిపోయి, ఎవరు ఎక్కువ జంతువులను, పక్షులను కొడతారా అని పందెం వేసుకునే ఆచారం ఉండేది. 1900లో ఫ్రాంక్ చాప్మన్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు కొట్టడం మాని లెక్కపెడదామన్నాడు. ఆ ఏడు 27 మంది వచ్చారు. ఆ లెక్క ఇప్పటికీ ఆగకుండా సాగుతోంది. పందెం మీది ఇష్టాన్ని ఆయన తీసేయలేదు, దాని మొహం మరోవైపు తిప్పాడంతే.

హైదరాబాద్‌లో ఈ సరదాకు సంఘం రూపం 1980లో వచ్చింది. బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ అప్పుడు పుట్టింది, ఇప్పుడది డెక్కన్ బర్డర్స్. వాళ్ల పత్రిక పేరు ‘పిట్ట’. నెలనెలా నగరం చుట్టుపక్కల చెరువులకు, గుట్టలకు కలిసి పోవడం, తెలిసినవాళ్లు తెలియనివాళ్లకు చూపించడం వాళ్ల పద్ధతి. ఏటా జనవరిలో ఆసియా అంతటా జరిగే నీటిపక్షుల లెక్క 1987లో మొదలైంది, ఇలాంటి సంఘాలే దానికి కాళ్లూ చేతులూ. హైదరాబాద్‌కే చెందిన ఆశీష్ పిట్టీ దక్షిణాసియా పక్షుల మీద వచ్చిన పుస్తకాల గ్రంథసూచి తయారుచేశాడు, ‘ఇండియన్ బర్డ్స్’ అనే పత్రికను ప్రారంభించాడు. పిట్టలను చూడటంలోనే కాదు, పిట్టల గురించి ఎవరేం రాశారో వెతకడంలోనూ ఆనందం ఉంటుందని ఆయనను చూస్తే ఒప్పుకోవాలి.

సంఘాలకంటే, బైనాక్యులర్లకంటే ఎంతో ముందునుంచీ తెలంగాణ జనమంతా కలిసి చేసే పక్షి వీక్షణం ఒకటుంది. దసరా నాడు జమ్మి చెట్టుకు మొక్కి, పాలపిట్టను చూసి ఇంటికి రావడం. కొత్త బట్టలేసుకుని, పిల్లలను భుజానెక్కించుకుని, ఊరి బయట చేల గట్ల మీద తీగెల వంక చూస్తూ నిలబడే ఆ జనాన్ని ఏ క్లబ్బూ పోగెయ్యలేదు. కాలం కూడా కుదిరింది. వానలు వెనకబట్టి, చేలలో మిడతలు, పురుగులు పుష్కలంగా ఉండే రోజులు. పాలపిట్ట తీగ మీదో ఎండుకొమ్మ మీదో కూర్చుని నేల మీద కదిలేదాని కోసం కాచుకుంటుంది. కూర్చున్నంతసేపూ మట్టిరంగు. లేచిందంటే రెక్కల్లో నీలం భగ్గుమంటుంది. ఆ నీలం రంగుపొడి వల్ల వచ్చింది కాదు. ఈకలోని కెరటిన్ లోపల గాలి నిండిన అతి సన్నని రంధ్రాల అల్లిక ఉంటుంది, వెలుతురులోని నీలం భాగాన్ని అది వెనక్కి చిమ్ముతుంది. ఈకను రాయితో నూరి ఆ అల్లికను చెడగొడితే నీలం పోతుంది.

ఈ ముచ్చటకు ఒక చేదు భాగముంది. తీరిక లేనివాళ్ల కోసం పిట్టను పట్టి, కాళ్లు కట్టి, రెక్కలకు జిగురు రాసి పంజరంలో తిప్పి చూపించి డబ్బులు అడిగేవాళ్లు పట్నంలో కనిపిస్తారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. అలా పట్టిన పిట్ట తర్వాత బతకడం కష్టం. చూస్తే శుభమనుకునే పిట్టను చంపుకుని చూడటం ఏ శాస్త్రానికీ పట్టదు, ఏ సంప్రదాయానికీ పట్టదు.

తమిళనాడులో పొంగల్‌కు, కేరళలో ఓనమ్‌కు పక్షుల లెక్కలు పెడుతున్నారు. పండక్కి ఇంటికొచ్చినవాళ్లు పావుగంట పెరట్లో నిలబడి కనిపించినవన్నీ రాసి పంపుతారు. దసరా నాటి పాలపిట్ట లెక్కకు మనకంటే తయారుగా ఉన్న జనం ఎవరికుంటారు? పిట్టను వెతకమని ఎవరూ చెప్పక్కర్లేదు, ఎలాగూ వెతుకుతారు. ఏ ఊర్లో ఎన్ని గంటలకు ఎన్ని కనిపించాయో, కనిపించకపోతే ఆ మాటా, ఫోన్లో ఒక వరుస రాస్తే చాలు.

కనిపించకపోతే ఆ మాటా అన్నాను. ఈ అధ్యాయంలో శాస్త్రమంటూ ఉంటే అది ఈ ముక్కలోనే ఉంది.

2002లో అమెరికాలోని కార్నెల్ పక్షిశాస్త్ర ప్రయోగశాల, ఆడుబన్ సొసైటీ కలిసి ఈబర్డ్ అనే వేదికను మొదలుపెట్టాయి. ఎక్కడ, ఎప్పుడు, ఎంతసేపు, ఎంత దూరం నడిచి, ఏ పిట్టలు ఎన్ని చూశారో అందులో నమోదు చేస్తారు. చివర ఒక ప్రశ్న అడుగుతుంది: మీరు గుర్తుపట్టినవన్నీ రాశారా? అవునంటే అది పూర్తి జాబితా. చూడ్డానికి చిన్న ప్రశ్నే. ఒక చెరువు దగ్గర వందమంది వంద జాబితాలు పెట్టారనుకుందాం. అందరూ తమకు నచ్చినవే రాస్తే, పిచ్చుక పేరు పది జాబితాల్లో ఉందంటే అర్థమేమిటి? పిచ్చుకలు తగ్గాయా, రాయడానికి బద్ధకించారా? చెప్పలేం. అందరివీ పూర్తి జాబితాలైతే, మిగతా తొంభైలో పిచ్చుక లేకపోవడం కూడా సమాచారమే. వందకు పది. పదేళ్ల తర్వాత వందకు అయిదైతే తగ్గినట్టు. ఒక్కొక్క జాబితా నోటి మాటలాంటిదే, వేలల్లో చేరితే అందులోంచి ధోరణి బయటపడుతుంది.

ఆ పద్ధతిలోనే ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదికలు వచ్చాయి. 2023 నివేదిక 30,000 మందికి పైగా వీక్షకులు ఇచ్చిన 3 కోట్ల పైచిలుకు నమోదులతో 942 జాతులను పరిశీలించింది. నెమలి బాగా పెరిగింది. అంతకుముందు, 2020 నివేదికలో, ఊరపిచ్చుక దేశమంతా చూస్తే నిలకడగానే ఉంది, హైదరాబాద్‌తో సహా మహానగరాల్లో తగ్గింది. మనకు తగిలే మాట పాలపిట్ట గురించి. అప్పటికి పన్నెండేళ్లలో అది సుమారు 30 శాతం తగ్గినట్టు తేలడంతో, దాని స్థితిని మళ్లీ అంచనా వేయాలని 2023 నివేదిక సిఫార్సు చేసింది. అందరికీ తెలిసిన పిట్ట, రాష్ట్ర పక్షి, తీగ మీద బాహాటంగా కూర్చునేది. అది తగ్గుతోందని చెప్పింది అరుదైన బాతుల వెనక పరుగెత్తినవాళ్లు కాదు. కాకి, గోరింక, పాలపిట్ట అని విసుగు లేకుండా రాసుకుంటూ పోయినవాళ్లు.

ఈ రాసుకునేవాళ్ల ఆనందం పైకి కనిపించదు. ఒకే కుంట, ఒకే దారి, వారం వారం. ఇంటి దగ్గరి తమ ముక్కను వీళ్లు సొంతం చేసుకుంటారు. ఎన్నడో వచ్చే అరుదైన పిట్ట కంటే, బూడిదరంగు జిట్టంగి పిట్ట తోక ఆడిస్తూ ఈ ఏడు ఏ తేదీకి దిగిందన్నది వీళ్లకు ముఖ్యం. సైబీరియా, మధ్య ఆసియాల నుంచి వచ్చే పిట్టల రాకపోకలు ఇలాంటివాళ్ల డైరీల్లోనే దొరుకుతాయి. 2007లో బెంగళూరు జాతీయ జీవశాస్త్రాల కేంద్రం నుంచి మొదలైన మైగ్రెంట్‌వాచ్ సరిగ్గా ఈ సరదాను పట్టుకుంది: ఏడాదిలో తొలిసారి ఎప్పుడు చూశారు, చివరిసారి ఎప్పుడు చూశారు, అంతే చెప్పండి. వానతో పాటు వచ్చే చాతకం ఎప్పుడు ఎక్కడ దిగిందో అలా పటం గీయగలిగారు.

పనిముట్ల గురించి రెండు మాటలు. కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కువ పెద్దది చేసి చూపించే బైనాక్యులరే మంచిదనుకుంటారు. దాని మీద 8×42 అని రాసుంటే ఎనిమిదింతలు దగ్గరగా చూపిస్తుంది, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లు అని అర్థం. 42ను 8తో భాగిస్తే 5.25. కంటికి చేరే వెలుగు కట్ట వెడల్పు అన్ని మిల్లీమీటర్లు. తెల్లవారుజామున మన కంటిపాప కూడా ఇంచుమించు అంతే తెరుచుకుంటుంది కాబట్టి ఆ మసక వెలుతురులో అది సరిపోతుంది. పెద్దది చేసేకొద్దీ చేతి వణుకూ పెద్దదవుతుంది, చూపు మేర తగ్గుతుంది, ఎగిరే పిట్టను పట్టుకోవడం కష్టమవుతుంది. పిల్లలతో వచ్చేవాళ్లకు ఎనిమిదింతలే హాయి.

కెమెరాల సంగతి ఇప్పుడు అందరికీ తెలిసిందే. ఇబ్రహీంపట్నం కట్ట మీదైనా, అమీన్‌పూర్ చెరువు దగ్గరైనా, మోచేయంత లెన్సులు వరసగా నిలబడి ఉంటాయి. పాతకాలం వీక్షకులు వాళ్లను చూసి ముక్కు విరుస్తారు. నాకా విరుపు అన్యాయమనిపిస్తుంది. ఫోటో వాదనను ఆపుతుంది. ఉల్లంకుల్లో ఏది ఏదో కట్ట మీద అరగంట తగువు పడేబదులు, ఇంటికి పోయి రెక్క ఈక అంచు చూసుకోవచ్చు. మంగోలియాలో మెడకు పట్టీలు తొడిగి వదిలిన పట్టెతల బాతులు దక్షిణ భారతపు చెరువుల్లో ఉన్నాయని తెలిసింది ఆ పట్టీల మీది అక్షరాలు చూడటం వల్ల, ఇప్పుడు ఆ పనిలో కెమెరాది పెద్ద చేయి. హిమాలయాలు దాటి వచ్చే బాతు అది.

అయితే ఫోటోకు అందం కావాలి, అందానికి దగ్గరితనం కావాలి. చిక్కంతా అక్కడే. ఫోన్లో కూత వినిపించి పిట్టను రప్పించడం, గూటికి అడ్డమున్న కొమ్మలు విరవడం, ఎండలో పిల్లల మీది నుంచి తల్లి లేచిపోయేదాకా దగ్గరికి జరగడం, ఇవన్నీ జరుగుతున్నాయి. గూటి ఫోటోలను తీసుకోని పోటీలు, అచ్చువేయని పత్రికలు ఉన్నాయి, అది మంచి పద్ధతి. కెమెరా రాసిపెట్టే జ్ఞానానికీ ఒక వంకర ఉంది: రంగున్నవి, పెద్దవి, వెలుతురులో కూర్చునేవి ఎక్కువ. ఆకుల్లో దాక్కుని కూసే మట్టిరంగు పిట్టకు కెమెరా లోకంలో ఓటు లేదు.

దానికి చెవి కావాలి. చలికాలంలో మన వేపచెట్లలో, చింతచెట్లలో చాలా చిన్నదిగా, ఆకురంగులోనే ఉండే ఒక పిట్ట క్షణం నిలవకుండా గెంతుతుంటుంది, ‘చివీ’ అని అరుస్తుంటుంది. గ్రీనిష్ వార్బ్లర్. దాని బంధువులు చాలా ఉన్నాయి, కంటికి అన్నీ ఒక్కటే. పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లండులో గిల్బర్ట్ వైట్ అనే పల్లెటూరి మతగురువు, అందరూ ఒకటే అనుకున్న వార్బ్లర్లు మూడు వేరు వేరు జాతులని ముఖ్యంగా పాటను బట్టి తేల్చాడు. తుపాకులున్న కాలంలో చెవి చేసిన పని అది. చూపు లేనివాళ్లు ఈ పద్ధతిలో పిట్టలను గుర్తుపట్టి ఆనందించే బృందాలు చాలా దేశాల్లో ఉన్నాయి, చెవి సాధన చేస్తే చూపున్నవాళ్లకంటే ముందుంటారు. చెవికీ వయసుంది. సన్నని, ఎత్తు గొంతులు వయసుతో ముందు పోతాయి, అందుకే డెబ్బై దాటిన వీక్షకుడి జాబితాలో కొన్ని చిన్న పిట్టలు మెల్లగా మాయమవుతాయి. పిట్టలు తగ్గి కాదు.

ఇప్పుడు ఫోన్ కూడా వింటోంది. మెర్లిన్ యాప్‌లో 2021లో వచ్చిన సౌకర్యం, శబ్దాన్ని స్పెక్ట్రోగ్రామ్‌గా, అంటే కాలం అడ్డంగా, స్వరస్థాయి నిలువుగా గీసిన బొమ్మగా మార్చి, ఆ బొమ్మను తనకు నేర్పిన బొమ్మలతో పోల్చి పేరు చెబుతుంది. తెలియనివాళ్లకు మంచి గురువు. కానీ ఏట్రింత వంటి వేషగాడు గద్ద గొంతు పెడితే గురువు కూడా బోల్తా పడొచ్చు. పేరు చెప్పించుకున్నాక తలెత్తి పిట్టను వెతికేవాడు నేర్చుకుంటాడు, పేరు రాసుకుని నడిచేవాడు నేర్చుకోడు.

కూర్చుని చూసేవాళ్లను చివరిదాకా ఉంచాను, నా పక్షపాతం వాళ్ల వైపే గనుక. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల తాటిచెట్లు, ఈతచెట్లు ఇంకా ఉన్నాయి. వానాకాలంలో వాటి మట్టల చివర్ల గిజిగాళ్ల కాలనీ వేలాడుతుంది. నీళ్ల మీదికి వంగిన తుమ్మ అయినా సరే. మగపిట్ట గడ్డిపోచలు, చీల్చిన తాటాకు పోగులు తెచ్చి ముడులు వేస్తుంది, అల్లుతుంది. గూడు సగమయ్యాక, తలకిందులు టోపీలా ఉన్నప్పుడు ఆగి, రెక్కలాడిస్తూ గోల చేస్తుంది. ఆడపిట్టలు వచ్చి లోపల కూర్చుని, లాగి చూసి పోతాయి. నచ్చితే మగపిట్ట గుడ్ల అర, కిందికి దిగే గొట్టం పూర్తి చేస్తుంది, ఆ వెంటనే పక్కన రెండో టోపీ మొదలుపెడుతుంది, మరో ఆడపిట్ట కోసం. పొదిగేది, పెంచేది దాదాపు తల్లే. ఇదంతా సలీం అలీ తన తొలి రోజుల్లో ముంబై దగ్గరి కిహిమ్‌లో ఒక చెట్టు ముందు కూర్చుని చూసి 1931లో ప్రచురించాడు. హైదరాబాద్ సర్వే చేసిన సలీం అలీయే. అక్కడ తుపాకీ, ఇక్కడ ఓపిక.

ఈ సరదాకు సీజన్ దాటినా నష్టం లేదు. నవంబరులో ఆ తాటిచెట్ల కింద నిలబడి పైకి చూడండి. గొట్టం వరకు పూర్తయిన గూళ్లు ఎన్ని, టోపీ దగ్గరే ఆగిపోయినవి ఎన్ని? ఆగిపోయినవాటిలో చాలామటుకు ఆడపిట్టలు కాదన్నవే. కొన్ని పాత గూళ్లలో మునియాలు కాపురం పెడతాయి. లోపలి గోడకు మట్టి ముద్దలు అంటించి ఉంటాయి. ఎందుకో శాస్త్రజ్ఞుల్లో ఏకాభిప్రాయం లేదు. గూడు గాలికి ఊగకుండా బరువుకోసమని కొందరంటారు. ఈ విషయాల్లో కల్లుగీత పనివాళ్లను అడిగితే తెలుస్తుంది. ఏ చెట్టు మీద ఏటేటా కాలనీ పెడతాయో, ఏ గూట్లో పాము దూరిందో వాళ్లకు తెలుసు. తెల్లారగట్ల పిట్టల మధ్య పని చేసేది వాళ్లే. అదే చెరువులో వల వేసే మత్స్యకారుడికి నీటికాకి మీద ఇంత మురిపెం ఉండదు, తన చేపలో వాటా పట్టుకుపోయేది కదా. చూడటంలో ఆనందం పొట్ట నిండాక వచ్చేదేనా అంటే, కాదు. గొర్రెల వెంట తిరిగే కురుమ పిల్లలకు ఏ రాళ్ల మధ్య ఏ పిట్ట గుడ్లు పెట్టిందో తెలుసు, వాళ్లను ఎవరూ బర్డర్లు అనలేదంతే.

సరదా ఎటు చూడదో అటు జ్ఞానం ఉండదనడానికి మన తెలుగు నేల మీదే పెద్ద రుజువుంది, కలివికోడి. 1848లో శాస్త్రలోకానికెక్కిన ఈ పిట్టను 1900లో అనంతపురం దగ్గర చూశాక 86 ఏళ్లు ఎవరూ చూడలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర అయితన్న అనే స్థానిక వేటగాడు రాత్రిపూట టార్చిలైటు వెలుగులో దాన్ని పట్టాడు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ జరుపుతున్న వెతుకులాట అలా ఫలించింది. కలివికోడి చీకటిపడ్డాక తిరిగే పిట్ట, పొదల మధ్య ఖాళీ నేల మీద. పగలు చూసే సరదా ఉన్నవాళ్లకు అది దొరికే వీలే లేదు. రాత్రి తిరిగే వృత్తి ఉన్నవాడికి దొరికింది. తర్వాత పంచాపకేశన్ జగన్నాథన్ వంటి పరిశోధకులు శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యంలో మెత్తటి మట్టి పట్టీలు పరిచి అడుగుజాడలు చూశారు, ఆటోమేటిక్ కెమెరాలు పెట్టారు, కూత విన్నారు. పిట్టను చూడకుండానే పిట్ట ఉందని తేల్చే పద్ధతులవి.

ఈ వంకరలను సరిచేయడానికి ఒక మార్గం ఉంది, సరదాపరులకు మొదట్లో నచ్చదు. కేరళలో 2015 నుంచి 2020 దాకా వెయ్యిమందికి పైగా స్వచ్ఛందంగా పనిచేసి పక్షుల అట్లాస్ తయారుచేశారు. రాష్ట్రాన్ని గళ్లుగా విడగొట్టి, అందులో చిన్న గళ్లను చీటీ తీసినట్టు ఎంచి, ప్రతి గడిలో నాలుగు పావుగంట జాబితాలు. గడి రబ్బరు తోటలో పడ్డా, బస్టాండులో పడ్డా పోవలసిందే. 2025లో హైదరాబాద్‌కూ ఇలాంటి అట్లాస్ పని మొదలైంది. చెరువులు, గుట్టలు ఇష్టపడే మనిషిని ఇంటి ప్లాట్ల మధ్య నిలబెట్టే పని ఇది.

ఇబ్రహీంపట్నం చుట్టూ ప్లాట్లకేం కొదవలేదు. హద్దురాళ్లకు తెల్లరంగు, ఎర్రరంగు వేసిన వెంచర్లు కిలోమీటర్లకొద్దీ. చలికాలం వలస పిట్టలు పోయాక, ఎండలు ముదిరాక, మార్చి దాటితే వీక్షకులు ఇటు రారు. ఏప్రిల్, మే నెలల జాబితాలు పల్చబడతాయి. కళ్ల ముందు పసుపు తోలు వేలాడే తీతువు గుడ్లు పెట్టేది సరిగ్గా అప్పుడే, సరిగ్గా అలాంటి చోటే. గడ్డి కాలిపోయిన గరపనేల మీద చిన్న గుంట చేసి, గులకరాళ్ల రంగులో నాలుగు గుడ్లు. మిట్టమధ్యాహ్నం తల్లిదండ్రులు వంతులవారీగా నిలబడి నీడ పడతాయి. నీళ్లలో పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి గుడ్ల మీద కూర్చుంటాయి. దాన్ని చూడాలంటే ప్లాట్లలో కాలినడకన తిరగకపోవడం మేలు, గుడ్లు కంటికి ఆనవు, కాలికి ఆనుతాయి. మే నెలలో పొద్దున ఆరున్నరలోపు వెంచర్ రోడ్డు మీద బండి ఆపి, అద్దం దించి, బండిలోంచే చూస్తే పిట్ట లేవదు. పావుగంట చాలు. కాకులను కూడా రాయండి.